సర్కారు సైటులో లింకు చచ్చిపోయినా పత్రం దొరుకుతుందా? ఐపీఎఫ్ఎస్ అంటే ఏమిటి, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌తో ఎలా వాడాలి?

ఐదారేళ్ల కిందటి జీవో ఒకటి కావాలి. ఎవరో వాట్సాప్‌లో లింకు పంపారు. నొక్కితే ‘404’ అని వస్తోంది. సైటు కొత్త చిరునామాకు మారింది, పాత ఫైళ్లు వెంట రాలేదు. పదోన్నతి కోసమో, పింఛను బకాయి కోసమో, భూమి కేసు కోసమో ఆ కాగితం కావాల్సిన మనిషి మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే.

పత్రం ఒకే చోట ఉంటే వచ్చే చిక్కు ఇది. అదే పత్రం పది మంది కంప్యూటర్లలో ఉండి, అందులో ఎవరి దగ్గరున్నా మనకు అందేలా ఏర్పాటు ఉంటే? అలాంటి ఏర్పాటునే వికేంద్రీకృత వెబ్ లేదా పీర్ టు పీర్ వెబ్ అంటున్నారు. అందులో ఎక్కువ మందికి తెలిసింది ఐపీఎఫ్ఎస్. మామూలు క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలోనే ఒక ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని దీన్ని వాడుకోవచ్చు. అది ఎలా పనిచేస్తుంది, ఎంతవరకు నమ్మవచ్చు, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అన్నది చూద్దాం.

మామూలు వెబ్‌లో ఇబ్బంది ఏమిటి?

మనం వాడే వెబ్ చిరునామా ఒక చోటును చూపిస్తుంది. ఫలానా సర్వర్‌లో, ఫలానా ఫోల్డర్‌లో, ఫలానా ఫైలు అని చెబుతుంది. ఆ సర్వర్ ఆగిపోయినా, ఫోల్డర్ పేరు మారినా, ఫైలును తీసేసినా లింకు పనిచేయదు. అంతకంటే పెద్ద సమస్య మరొకటి ఉంది. అదే చిరునామాలో పాత ఫైలు తీసేసి కొత్తది పెడితే చూసేవాళ్లకు తేడా తెలియదు. నిన్న చదివిన పత్రం, ఈ రోజు చదువుతున్న పత్రం ఒకటేనా అని చెప్పే గుర్తేదీ ఆ లింకులో ఉండదు.

మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో జీవోలను ప్రజలకు కనిపించే వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేయాలని 2021 ఆగస్టులో అప్పటి ప్రభుత్వం నిర్ణయించింది. దానిపై కొందరు హైకోర్టుకు వెళ్లారు. తర్వాత వచ్చిన ప్రభుత్వం 2024 ఆగస్టులో జీవోలను తిరిగి ఆన్‌లైన్‌లో పెట్టాలని నిర్ణయించింది. ఎవరి నిర్ణయం సరైనదన్న చర్చను పక్కన పెడితే, ఇందులో పాఠకుడికి పనికొచ్చే విషయం ఒకటుంది. పత్రం ఒకే సైటులో ఉన్నంత కాలం అది కనిపించాలా వద్దా అన్నది ఆ సైటు నడిపేవాళ్ల చేతిలోనే ఉంటుంది.

ఐపీఎఫ్ఎస్ ఏం చేస్తుంది?

ఐపీఎఫ్ఎస్ అంటే ఇంటర్ ప్లానెటరీ ఫైల్ సిస్టమ్. పేరు గంభీరంగా ఉన్నా ఆలోచన సులువే. హువాన్ బెనెట్ దీన్ని రూపొందించారు. ఆయన 2014లో ప్రొటోకాల్ ల్యాబ్స్ సంస్థను ప్రారంభించారు. 2015లో ఐపీఎఫ్ఎస్ జనంలోకి వచ్చింది. దీని సాఫ్ట్‌వేర్ ఉచితం, కోడ్ అందరికీ కనిపిస్తుంది.

ఇందులో చిరునామా చోటును బట్టి కాదు, ఫైలులో ఉన్న సమాచారాన్ని బట్టి ఏర్పడుతుంది. ఫైలును ఐపీఎఫ్ఎస్‌లో పెట్టగానే దాన్ని ముక్కలుగా చేసి, గణిత పద్ధతిలో ఒక గుర్తు తయారుచేస్తారు. దాన్ని సీఐడీ అంటారు. మనిషికి వేలిముద్ర ఎలాగో ఫైలుకు సీఐడీ అలాగ. ఫైలులో ఒక్క అంకె మార్చినా, ఒక్క కామా తీసేసినా సీఐడీ పూర్తిగా మారిపోతుంది.

పాత రకం సీఐడీలు ఇంగ్లిష్ అక్షరాలు ‘క్యూ’, ‘ఎమ్’లతో మొదలై 46 అక్షరాల పొడవుంటాయి. కొత్త రకం ఎక్కువగా ‘బి’, ‘ఏ’, ‘ఎఫ్’లతో మొదలవుతాయి, సాధారణంగా 59 అక్షరాలుంటాయి. చూడ్డానికి అర్థం లేని అక్షరాల వరుసలా ఉంటుంది. గుర్తుపెట్టుకోవడం కుదరదు, కాపీ చేసుకోవాల్సిందే.

ఇప్పుడు మీరు ఆ సీఐడీని అడిగితే ‘ఈ గుర్తు ఉన్న ఫైలు ఎవరి దగ్గరుంది?’ అని నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లను వాకబు చేస్తుంది. ఎవరి దగ్గరుంటే వాళ్ల దగ్గర నుంచి ముక్కలు తెచ్చుకుంటుంది. ఒక్కో ముక్క ఒక్కో చోటు నుంచి రావచ్చు. వచ్చిన ప్రతి ముక్కనూ గుర్తుతో సరిపోల్చుకుంటుంది. మధ్యలో ఎవరైనా మార్చి ఇస్తే గుర్తు కలవదు, ఆ ముక్కను పక్కన పడేస్తుంది. అందుకే ముక్కూ మొహం తెలియనివాళ్ల కంప్యూటర్ నుంచి వచ్చినా ఫైలు అసలుదేనని తేల్చుకోవచ్చు.

మరి ఎక్స్‌టెన్షన్ ఎందుకు?

క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ వంటి బ్రౌజర్లకు ఐపీఎఫ్ఎస్ చిరునామా వాటంతట అవి అర్థం కావు. బ్రేవ్ బ్రౌజర్ 2021 జనవరిలో ఈ సౌకర్యాన్ని తనలోనే చేర్చుకుంది కానీ 2024లో తొలగించింది. కాబట్టి ఇప్పుడు ఉన్న దారులు ప్రధానంగా రెండు.

మొదటిది గేట్‌వే. ఐపీఎఫ్ఎస్ నెట్‌వర్క్ నుంచి ఫైలు తెచ్చి మామూలు వెబ్ పేజీలా మీకు చూపించే సర్వర్ ఇది. ‘ఐపీఎఫ్ఎస్ డాట్ ఐఓ’, ‘డీవెబ్ డాట్ లింక్’ అలాంటివే. ఏదీ ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు, ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది. కానీ మళ్లీ ఒకే సర్వర్ మీద ఆధారపడ్డట్టే. అది ఆగినా, దాన్ని మీ ప్రాంతంలో నిలిపివేసినా దారి మూసుకుపోతుంది. పైగా ముక్కలను సరిపోల్చే పని గేట్‌వే చేస్తుంది, మీరు దాని మాట నమ్మాల్సిందే.

రెండోది మీ కంప్యూటరే నెట్‌వర్క్‌లో ఒక భాగం కావడం. దీన్ని నోడ్ అంటారు. నోడ్‌ను, బ్రౌజర్‌ను కలిపే వంతెనే ‘ఐపీఎఫ్ఎస్ కంపానియన్’ అనే ఎక్స్‌టెన్షన్. మీరు ఏదైనా గేట్‌వే లింకు నొక్కితే ఇది గుర్తుపట్టి, ఆ అభ్యర్థనను మీ సొంత నోడ్‌కు మళ్లిస్తుంది. సరిపోల్చే పని మీ కంప్యూటర్‌లోనే జరుగుతుంది.

ఒక మాట ముందే తెలుసుకోవాలి. ఎక్స్‌టెన్షన్ ఒక్కటే పెట్టుకుంటే సరిపోదు. వెనకాల నోడ్ నడుస్తుండాలి. చాలామంది ఇక్కడే ఆగిపోయి ‘పనిచేయడం లేదు’ అనుకుంటారు.

ఎలా పెట్టుకోవాలి?

కంప్యూటర్ లేదా ల్యాప్‌టాప్ ఉండాలి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ కుదురుతుంది.

1. ముందుగా ‘ఐపీఎఫ్ఎస్ డెస్క్‌టాప్’ అనే యాప్‌ను ఇన్‌స్టాల్ చేసుకోండి. నోడ్ ఇందులోనే ఉంటుంది. అధికారిక సైటు ‘డాక్స్ డాట్ ఐపీఎఫ్ఎస్ డాట్ టెక్’లో ఇచ్చిన లింకు నుంచే తీసుకోండి. వాట్సాప్, టెలిగ్రామ్‌లలో వచ్చే ఫైళ్ల జోలికి వెళ్లొద్దు.

2. యాప్ తెరిచాక నెట్‌వర్క్‌కు కలిసిందో లేదో చూడండి. విండోస్ ఫైర్‌వాల్ అనుమతి అడగవచ్చు. ఇంట్లో నమ్మకమైన నెట్‌వర్క్ అయితేనే ఇవ్వండి.

3. క్రోమ్ వెబ్ స్టోర్ లేదా ఫైర్‌ఫాక్స్ యాడ్ ఆన్స్ పేజీలో ‘ఐపీఎఫ్ఎస్ కంపానియన్’ అని వెతికి, ప్రచురించినవారి పేరు చూసుకుని చేర్చుకోండి.

4. ఇది అడిగే అనుమతులు విస్తృతంగా ఉంటాయి. లింకులను గుర్తించి మళ్లించాలి కాబట్టి మీరు చూసే అన్ని సైట్ల సమాచారాన్ని చదివే అనుమతి కోరుతుంది. బ్యాంకు పనులకు వాడే బ్రౌజర్‌లో కాకుండా వేరే బ్రౌజర్‌లో గానీ, వేరే ప్రొఫైల్‌లో గానీ పెట్టుకోవడం మంచిది.

5. బ్రౌజర్ పైభాగంలో చిన్న ఘనం ఆకారంలో గుర్తు కనిపిస్తుంది. రంగులో ఉండి పక్కన అంకె కనిపిస్తే నోడ్ కలిసినట్టు. ఆ అంకె మీ నోడ్ ఎన్ని కంప్యూటర్లతో సంబంధంలో ఉందో చెబుతుంది. గుర్తు వెలిసిపోయినట్టు ఉంటే డెస్క్‌టాప్ యాప్ నడవడం లేదన్నమాట.

యాప్ నడుస్తున్నా కలవకపోతే, 5001, 8080 అనే పోర్టులను వేరే సాఫ్ట్‌వేర్ వాడుకుంటోందేమో చూడాలి. నోడ్ మామూలుగా బ్రౌజర్‌తో మాట్లాడేది ఈ రెండు పోర్టుల ద్వారానే. ప్రోగ్రామింగ్ చేసేవాళ్ల కంప్యూటర్లలో 8080 దగ్గర ఈ ఘర్షణ రావడం మామూలే.

ఫోన్‌లో క్రోమ్ వాడేవారికి ఈ ఎక్స్‌టెన్షన్ దొరకదు. వాళ్లకు గేట్‌వేనే దారి.

పత్రాన్ని పెట్టడం, పంచడం ఎలా?

డెస్క్‌టాప్ యాప్‌లో ‘ఫైల్స్’ విభాగంలోకి వెళ్లి ‘ఇంపోర్ట్’ నొక్కి పీడీఎఫ్‌ను ఎంచుకోవాలి. వెబ్ పేజీలో ఉన్న బొమ్మలనైతే కుడి క్లిక్ చేసి ఎక్స్‌టెన్షన్ ద్వారానే చేర్చుకోవచ్చు. చేర్చాక సీఐడీని కాపీ చేసుకుని, ఆ పత్రం ఏమిటో, ఏ తేదీదో, ఎక్కడి నుంచి తీసుకున్నారో పక్కనే రాసిపెట్టుకోండి. సీఐడీ చూసి అది ఏ జీవోనో ఎవరూ చెప్పలేరు.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఐపీఎఫ్ఎస్‌లో పెట్టడం అంటే ‘ఎక్కడో క్లౌడ్‌లోకి ఎక్కించడం’ కాదు. ఫైలు మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది, అడిగినవాళ్లకు అక్కడి నుంచే వెళ్తుంది. మీరు ల్యాప్‌టాప్ మూసేస్తే, మరెవరి దగ్గరా కాపీ లేకపోతే, ఆ పత్రం ఎవరికీ దొరకదు.

అందుకే ‘పిన్ చేయడం’ అవసరం. మీరు చూసిన ఫైళ్లు కొంతకాలం మీ నోడ్‌లో ఉంటాయి కానీ స్థలం కోసం శుభ్రం చేసినప్పుడు పోతాయి. పిన్ చేసినవి మాత్రం అలాగే ఉంటాయి. ఒక ఉపాధ్యాయ సంఘంలోనో, పింఛనుదారుల సంఘంలోనో ఐదారుగురు వేర్వేరు ఊళ్లలో ఒకే పత్రాల జాబితాను పిన్ చేసి ఉంచితే, అందులో ఒక్కరి కంప్యూటర్ ఆన్‌లో ఉన్నా మిగతావారికి అందుతుంది. రుసుము తీసుకుని పిన్ చేసి ఉంచే సేవలూ ఉన్నాయి.

నిజంగా ఎక్కడైనా అక్కరకు వచ్చిందా?

టర్కీ ప్రభుత్వం 2017 ఏప్రిల్ 29న వికీపీడియాను పూర్తిగా నిలిపివేసింది. ఆ వెంటనే మే నెలలో ఐపీఎఫ్ఎస్ బృందం టర్కిష్ వికీపీడియా నకలును నెట్‌వర్క్‌లో పెట్టింది. నిషేధం చట్టవిరుద్ధమని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2019 డిసెంబరులో తీర్పు ఇచ్చాక 2020 జనవరి 15న వికీపీడియా తిరిగి తెరుచుకుంది. ఆ నకలు చదవడానికే పనికొచ్చింది. దిద్దుబాట్లు చేయడానికి వీల్లేదు, తర్వాత చేరిన సమాచారం అందులో ఉండదు. ఐపీఎఫ్ఎస్ బలం, పరిమితి రెండూ ఇందులో కనిపిస్తాయి. అది ఒక రోజు ఫొటో లాంటిది.

రెండో ఉదాహరణ స్పెయిన్‌లోని కెటలోనియా. 2017 అక్టోబరు 1న జరిగిన రెఫరెండాన్ని స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం ముందే నిలిపివేసింది. పోలింగ్ కేంద్రాల వివరాలిచ్చే సైట్లను అధికారులు మూయిస్తుంటే నిర్వాహకులు ఆ సైటును ఐపీఎఫ్ఎస్‌లో పెట్టారు. అప్పుడు స్పెయిన్‌లో ప్రధాన గేట్‌వేను నిలిపివేశారు. గేట్‌వే మీదే ఆధారపడినవారికి దారి మూసుకుపోయింది, సొంత నోడ్ ఉన్నవారికి తెరిచే ఉంది.

ఆ కథలో మరో పాఠం ఉంది. ఓటర్లు తమ కేంద్రం తెలుసుకోవడానికి గుర్తింపు సంఖ్యలోని చివరి అంకెలు, పుట్టినతేదీ, పోస్టల్ కోడ్ ఇవ్వాలి. ఆ సమాచారాన్ని రహస్య రూపంలోకి మార్చే ఐపీఎఫ్ఎస్‌లో పెట్టారు. కానీ ఈ మూడింటికీ ఉండే అవకాశాలు పరిమితం కాబట్టి, కంప్యూటర్‌తో వరుసగా ప్రయత్నిస్తూ పోతే ఓటర్ల వివరాలు బయటపడతాయని భద్రతా నిపుణులు అప్పుడే హెచ్చరించారు. ఒకసారి వేర్వేరు కంప్యూటర్లకు చేరిన దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

ఏవి పెట్టకూడదు?

ఆధార్, పాన్, రేషన్ కార్డు, పాస్‌బుక్, వైద్య నివేదికలు, పిల్లల సర్టిఫికెట్లు... వీటిలో ఏదీ ఐపీఎఫ్ఎస్‌లో పెట్టొద్దు. సీఐడీ ఎవరికీ చెప్పలేదు కదా అనుకోవద్దు. మీ నోడ్ తన దగ్గరున్న ఫైళ్ల సీఐడీలను నెట్‌వర్క్‌కు ప్రకటిస్తూ ఉంటుంది. గమనించేవాళ్లకు అవి తెలుస్తాయి. ‘డిలీట్’ నొక్కితే మీ కాపీ మాత్రమే పోతుంది. సొంత కాగితాలకు డిజీలాకర్ ఉంది. ఐపీఎఫ్ఎస్ బహిరంగ పత్రాల కోసమే అని గుర్తుపెట్టుకోండి.

లబ్ధిదారుల జాబితాల విషయంలోనూ ఇదే జాగ్రత్త. ప్రభుత్వ సైటులో కనిపించినంత మాత్రాన పేర్లు, ఫోన్ నంబర్లు, ఖాతా వివరాలున్న జాబితాను శాశ్వతంగా తిరిగేలా చేయడం సరికాదు. జీవోలు, గెజిట్ ప్రకటనలు, మార్గదర్శకాలు, పాఠ్యపుస్తకాలు వేరు. అధికారిక గెజిట్‌లో వచ్చిన ప్రకటనలను తిరిగి ముద్రించుకోవడానికి కాపీరైట్ చట్టం సెక్షన్ 52 వీలిస్తోంది. మిగతావాటికి ఎవరి హక్కులున్నాయో చూసుకోవాలి. ఐపీఎఫ్ఎస్ వాడినంత మాత్రాన కాపీరైట్ చట్టమో, ఐటీ చట్టమో మీకు వర్తించకుండా పోవు.

ఇది అజ్ఞాతంగా ఉంచే సాధనం కూడా కాదు. మీ ఐపీ చిరునామా, మీ నోడ్ ఏ ఫైళ్లను అడుగుతోంది, ఏవి ఇస్తోంది అన్నవి ఇతర నోడ్లకు కనిపించవచ్చు.

ఇంకొకటి, సీఐడీ కలిసిందంటే ఫైలు మారలేదని మాత్రమే అర్థం. అందులో ఉన్నది నిజమని కాదు. నకిలీ జీవో తయారుచేసి పెట్టినా దానికీ సీఐడీ వస్తుంది. గేట్‌వే లింకులతో నకిలీ లాగిన్ పేజీలు పెట్టి పాస్‌వర్డ్‌లు కాజేసే మోసాలూ జరిగాయి. ఐపీఎఫ్ఎస్ లింకులో తెరుచుకున్న ఏ పేజీలోనూ పాస్‌వర్డ్, ఓటీపీ ఇవ్వకండి.

డేటా ఎంత అవుతుంది? నెట్ ఆపేస్తే పనిచేస్తుందా?

మీరు ఏమీ చూడకపోయినా నోడ్ ఇతర కంప్యూటర్లతో మాట్లాడుతూనే ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపితే రోజువారీ డేటా కోటా త్వరగా కరిగిపోతుంది. బ్రాడ్‌బ్యాండ్ ఉన్నచోటే నడపండి, పని అయ్యాక యాప్‌ను పూర్తిగా ఆపండి. నిల్వ కోసం నోడ్ మామూలుగా 10 జీబీ పరిమితితో వస్తుంది, సెట్టింగుల్లో మార్చుకోవచ్చు.

ఇంటర్నెట్‌నే నిలిపివేస్తే ఐపీఎఫ్ఎస్ బయటి నుంచి ఏదీ తేలేదు. అప్పటికే మీ నోడ్‌లో ఉన్న ఫైళ్లు మాత్రం తెరుచుకుంటాయి. ఒకే వైఫైలో ఉన్న రెండు నోడ్లు బయటి ఇంటర్నెట్ లేకున్నా ఒకదాన్నొకటి గుర్తుపట్టి ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోగలవు. గ్రంథాలయాలు, బడులు ఈ వీలును వాడుకోవచ్చు.

ఆఫీసులో, కోర్టులో చెల్లుతుందా?

ఐపీఎఫ్ఎస్ లింకు చూపించి ‘ఇదిగో జీవో’ అంటే ఏ ఆఫీసూ ఒప్పుకోవాల్సిన అవసరం లేదు. అధికారిక నకలుకు అది ప్రత్యామ్నాయం కాదు. అయితే ఇందులోని మూలసూత్రానికి చట్టంలో చోటుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇవ్వాల్సిన ధ్రువపత్రంలో ఆ ఫైలు హ్యాష్ విలువ రాయాలి. ఏ పద్ధతిలో లెక్కించారో, ఉదాహరణకు షా 256 అని, చెప్పాలి. ఆ పత్రంలో ఒక భాగం రికార్డు ఇచ్చేవారు, మరో భాగం నిపుణులు నింపాలి.

ఇక్కడ ఒక పొరపాటుకు తావుంది. సీఐడీ, షా 256 హ్యాష్ ఒకటి కావు. ఫైలును ముక్కలు చేసే పద్ధతిని బట్టి ఒకే ఫైలుకు వేర్వేరు సీఐడీలు రావచ్చు. కాబట్టి ముఖ్యమైన పత్రాలకు షా 256 విలువను విడిగా లెక్కించి రాసిపెట్టుకోవాలి. విండోస్‌లో ‘సర్ట్‌యుటిల్’ అనే కమాండ్ ఈ పని చేస్తుంది.

అధికారిక నకలు కావాలంటే సమాచార హక్కు చట్టమే సరైన దారి. ధ్రువీకరించిన ప్రతులు తీసుకునే హక్కును ఆ చట్టం ఇస్తోంది, మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఐపీఎఫ్ఎస్‌లో ఉన్న కాపీ ఇక్కడ మరో రకంగా ఉపయోగపడుతుంది. జీవో నంబరు, తేదీ, శాఖ పేరు సరిగ్గా రాసి అడిగితే ‘అలాంటి పత్రం లేదు’ అని తిప్పి పంపడం కష్టం.

ఎవరు పెట్టుకోవాలి?

అప్పుడప్పుడు ఒక పత్రం చూసేవారికి గేట్‌వే లింకు చాలు. నోడ్, ఎక్స్‌టెన్షన్ శ్రమ అక్కర్లేదు. ఉద్యోగ, పింఛను సంఘాలు, సమాచార హక్కు కార్యకర్తలు, న్యాయవాదులు, విలేకరులు, గ్రంథాలయాలు మాత్రం ఒకసారి ఆలోచించవచ్చు. ఇలాంటి చోట పత్రాలు ఇప్పటికే ఉంటాయి. కానీ ఒక కార్యదర్శి ల్యాప్‌టాప్‌లోనో, ఒక పెన్‌డ్రైవ్‌లోనో ఉంటాయి.

ఎవరూ దాచుకోని పత్రాన్ని ఐపీఎఫ్ఎస్ సృష్టించలేదు. సైటు తెరుచుకుంటున్నప్పుడే కావాల్సిన జీవోను డౌన్‌లోడ్ చేసి, తేదీ రాసి, ఇంకో ఇద్దరి దగ్గర ఉంచడమే మొదటి మెట్టు. ఎక్స్‌టెన్షన్ ఆ తర్వాతి మెట్టు.